గడ్డి చదువు కాదు, అన్నం పెట్టే చదువు

(మా సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ సభలో చదువు గురించి ఎవరో ఒకరు నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఈసారి ఆ బాధ్యతను కార్యదర్శిగారు మాకు అప్పగించారు. మేము పెద్ద వక్తలం కాము. ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్పై ఏళ్ళపాటు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన వాళ్ళం. కనుక మాకు తెలిసిన సంగతే మాట్లాడుతాం. మొక్కల శాస్త్రజ్ఞులంటే ఎవరు, వారు చేసే పని ఏమిటి, మన పిల్లలు ఆ దారిన పోగలరా, పోతే ఎదురయ్యే కష్టనష్టాలేమిటి అన్నదే ఇవాళ్టి విషయం.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం, ఐ.టి. కంపెనీలకు క్యాబు నడిపే ఒక సోదరుడు కూతుర్ని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి బైపీసీ మంచి మార్కులతో పాసయింది. నీట్‌లో మాత్రం సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు.

"సార్, ప్రైవేటు కాలేజీ ఫీజు మా వల్ల అయ్యేది కాదు. బి.యస్సి.లో వేద్దామంటే, ఆ గడ్డి చదువు ఏం పెడ్తది సార్? ఏదన్న కంప్యూటర్ కోర్సు చెప్పుండ్రి, ఆరు నెలల్ల నౌకరీ దొరకాలె" అన్నారాయన.

ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. రోజూ ఆయన కళ్ళముందు కనిపించేవి కోకాపేట మేడలు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ గేట్లు. ఆ గేట్లలోంచి వచ్చే జీతాలు ఆయనకు తెలుసు. మొక్కలు చదివినవాడు ఏ గేటులోంచి బయటికొస్తాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. పోయేముందు మాత్రం మెల్లగా అడిగింది: "సార్, మొక్కలు చదివినోళ్ళు ఏం పని చేస్తరు?"

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మాకు ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకలేదు. సిగ్గనిపించింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ ప్రసంగం అనుకోండి.

ముందుగా మన చుట్టూ ఏముందో చూద్దాం. మనమున్న ఈ పుప్పాలగూడ ఒకప్పుడు పల్లెటూరు. గుట్టలు, పొలాలు, సీతాఫలం చెట్లు ఉన్నచోట ఇప్పుడు ముప్పై నలభై అంతస్తుల భవనాలు లేచాయి. ఇక్కడి నుంచి మొక్కల చదువు దూరమైపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి మన దేశంలో మొక్కల పరిశోధన ఇంత దగ్గర దగ్గరగా జరిగే ఊళ్ళు బహు కొద్ది. ఒకవైపు గచ్చిబౌలిలో 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉంది. అందులో మొక్కల శాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉంది. మరోవైపు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయంతో పాటు వరికి, జొన్న మొదలైన చిరుధాన్యాలకు, నూనెగింజలకు వేర్వేరుగా కేంద్ర పరిశోధనా సంస్థలున్నాయి. ఇంకోవైపు పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ అది. దేశదేశాల నుంచి సేకరించిన లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలు అక్కడి శీతల గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఊళ్ళోకి పోతే ఉస్మానియా విశ్వవిద్యాలయం, హబ్సిగూడలో సి.సి.యం.బి. మన పిల్లవాడు బస్సెక్కి పోయి సాయంత్రానికి ఇల్లు చేరగల దూరంలోనే ఇవన్నీ ఉన్నాయి. అయినా మన ఇళ్ళలో వీటి పేర్లు వినబడవు.

ఇక మనుషుల సంగతి.

రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థకు 1987లో డైరెక్టరుగా వచ్చినవారు డాక్టర్ ఇ.ఎ. సిద్దీఖ్. తమిళనాడులోని ఇళయాంగుడి ఆయన స్వస్థలం. పుట్టింది 1937లో. మన క్యాబు సోదరుడు గడ్డి చదువు అన్నారే, అదే ఈయన మొదటి డిగ్రీ. మద్రాసు విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివారు. ఆ తర్వాత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకు పోయి, డాక్టర్ యం.యస్. స్వామినాథన్ వద్ద పరిశోధన చేసి 1968లో డాక్టరేటు పొందారు. ఆయన పట్టుకున్న సమస్య బాస్మతి.

ఆ సమస్య ఏమిటో కాస్త వివరంగా చెప్పుకుందాం. బిర్యానీ వండే తల్లులకు ఇది సులభంగానే అర్థమవుతుంది. పాతకాలపు బాస్మతి మొక్క పొడుగు. ఎరువు వేస్తే ఇంకా పెరిగి, కంకి బరువుకు పొలంలో పడిపోయేది. దిగుబడి తక్కువ. 1960ల్లో పొట్టి వరి వంగడాలు వచ్చి మిగతా వరి పంట దిగుబడి పెంచాయి. అయితే బాస్మతిని పొట్టి వరితో సంకరం చేసి ఊరుకుంటే సరిపోతుందా? సరిపోదు. వాసన ఒకచోట పోతుంది, వండితే పొడుగు సాగే గుణం ఇంకోచోట పోతుంది, మెతుకు మెత్తబడుతుంది. పిల్ల మొక్కల్లో పొట్టితనం తండ్రిది రావాలి, వాసనా పొడుగూ తల్లివి రావాలి. అన్నీ ఒకే మొక్కలో కుదరాలి. అందుకు తరం తర్వాత తరం వేల మొక్కలు నాటాలి, గింజలు కొలవాలి, వండి చూడాలి, వాసన చూడాలి, నచ్చనివి పారేయాలి. మళ్ళీ కారు వచ్చేదాకా ఆగాలి. సిద్దీఖ్‌గారు, వారి సహచరులు అలా ఏళ్ళ తరబడి చేసిన పనికి ఫలితంగా 1989లో పూసా బాస్మతి-1 విడుదలైంది. పొట్టి కాండంతో వచ్చిన మొదటి బాస్మతి అది. మన దేశపు బాస్మతి ఎగుమతులు పెరగడానికి అది బాట వేసింది.

ఆయన హైదరాబాదులో ఉన్న కాలంలోనే, 1989 చివర, దేశంలో హైబ్రిడ్ వరి పథకం గట్టిగా మొదలయింది. 1994లో తొలి హైబ్రిడ్ వరులు విడుదలయ్యాయి. వాటిలో రెండు పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చినవి. సిద్దీఖ్‌గారు ఆ తర్వాత భారత వ్యవసాయ పరిశోధనా మండలిలో పంటల విభాగానికి డిప్యూటీ డైరెక్టర్ జనరల్ అయ్యారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. మన వాడని గొప్ప చెప్పుకోవడానికి ఈ పేరు చెప్పడం లేదు. బి.యస్సి. బోటనీతో మొదలైన దారి ఎక్కడిదాకా పోగలదో చూపడానికి చెబుతున్నాం.

ఉస్మానియాలోనూ ఈ చదువుకు పాత పునాది ఉంది. 1930ల్లోనే అక్కడి ప్రొఫెసర్ సయీదుద్దీన్ హైదరాబాదు రాజ్యంలోని పూల మొక్కల మీద వ్యాసాలు ప్రకటించారు. అదే విశ్వవిద్యాలయంలో తర్వాతి కాలంలో పనిచేసిన ప్రొఫెసర్ పి.బి. కవికిశోర్ ఇంకో రకం ప్రశ్న వేసుకున్నారు. నీళ్ళు లేనప్పుడు, చవుడు నేలలో, మొక్క తన్ను తాను ఎలా కాపాడుకుంటుంది? ఎండకు తట్టుకునే మొక్కలు ఒంట్లో ప్రోలిన్ అనే పదార్థాన్ని కూడబెట్టుకుంటాయి. మనం మొలకెత్తించి తినే మట్కీ గింజలోంచి ఆ ప్రోలిన్ తయారీకి కావలసిన జన్యువును తీసి పొగాకు మొక్కలో పెడితే, ఆ మొక్క ప్రోలిన్ ఎక్కువ చేసుకొని ఎద్దడికి ఎక్కువ ఓర్చుకుందని ఆయనా, అమెరికాలోని ఆయన సహచరులూ 1995లో చూపించారు. ప్రపంచమంతటా ఆ రంగంలోని వాళ్ళు ఈనాటికీ ఆ వ్యాసాన్ని ప్రస్తావిస్తుంటారు.

ఇక మనం రోజూ తినే సన్నబియ్యం కథ. సాంబ మసూరి అంటే తెలియని ఇల్లు లేదు. బాపట్లలో తయారై 1986లో విడుదలైన ఈ వంగడాన్నే రైతులు బి.పి.టి. అంటారు. రుచికి తిరుగులేదు. కాని దానికి బాక్టీరియా ఎండాకు తెగులు పడుతుంది. ఆకు అంచులు పసుపుబారి, ఎండి, గింజ తాలుబోతుంది. మందు కొట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు. సి.సి.యం.బి.లో డాక్టర్ రమేశ్ సొంటి ఆ బాక్టీరియా మీదనే పనిచేసేవారు. ఆయన డాక్టరేటు బాక్టీరియాల జన్యుశాస్త్రంలో. అక్కడి నుంచి మొక్కల వైపు వచ్చారు. రాజేంద్రనగర్ వరి శాస్త్రజ్ఞులు, డాక్టర్ ఆర్.యం. సుందరం మొదలైనవారు, ఆయనతో చేతులు కలిపారు. తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరిని సాంబ మసూరితో సంకరం చేశారు. వచ్చిన మొక్కల్ని మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలిపారు. ప్రతి తరంలోనూ లేత ఆకు ముక్క తెచ్చి, డి.యన్.ఏ. పరీక్ష చేసి, మూడు జన్యువులూ ఉన్న మొక్కల్నే ఉంచుకున్నారు. ఈ పద్ధతి వల్ల ఏ మొక్కను ఉంచాలో తెగులు పట్టేదాకా ఆగకుండానే తెలిసిపోతుంది. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదలైంది. రుచి పాతదే, ఎండాకు తెగులును మాత్రం తట్టుకుంటుంది. తర్వాతి పరీక్షల్లో దాని గ్లైసీమిక్ ఇండెక్సు తక్కువని కూడా తేలింది.

ఇక్కడ పిల్లలు గమనించవలసింది ఒకటుంది. ఒక పిడికెడు బియ్యం వెనక బాక్టీరియా చదివినవాడు, జన్యువులు చదివినవాడు, పొలంలో మొక్కలు కలిపేవాడు, వండి రుచి చూసేవాడు, లెక్కలు కట్టేవాడు, అందరూ ఉన్నారు. మొక్కల శాస్త్రం అంటే ఆకులు ఎండబెట్టి పుస్తకంలో అంటించడమే అనుకోకండి. కంప్యూటర్ వచ్చిన పిల్లలకూ అందులో పని ఉంది. 2011లో ఇక్రిశాట్ నాయకత్వాన డాక్టర్ రాజీవ్ వార్ష్ణేయ మొదలైనవారు కంది జన్యుపటాన్ని వెలువరించారు. అలాంటి పటంలోని కోట్ల అక్షరాలను కంప్యూటర్ లేకుండా ఎవరు చదవగలరు?

కందిపప్పు పేరు వచ్చింది కాబట్టి ఓపిక గురించి ఒక మాట. హైబ్రిడ్ కంది చేయాలన్నది ఇక్రిశాట్ తొలినాటి కల. 1991లో ఒక హైబ్రిడ్ విడుదలైంది. అయితే దాని విత్తనం తయారు చేయాలంటే తల్లి వరసల్లో సగం మొక్కల్ని పూత సమయంలో గుర్తుపట్టి చేత్తో పీకేయాలి. రైతుకూ కంపెనీకీ అది గిట్టలేదు. డాక్టర్ కె.బి. సక్సేనా మొదలైనవారు పట్టు విడవలేదు. కందికి దగ్గరి చుట్టమైన ఒక అడవి మొక్క సాయంతో పుప్పొడి పుట్టని తల్లి మొక్కల్ని సాధించారు. 2010లో మధ్యప్రదేశ్‌లో కొత్త హైబ్రిడ్ విడుదలయ్యేనాటికి ఆ పని మొదలై ముప్పై ఏళ్ళు దాటింది. అంతకు ముందు జొన్నలోనూ ఇదే కథ. మన డాక్టర్ ఎన్.జి.పి. రావు వంటివారి కృషితో 1964లో తొలి హైబ్రిడ్ జొన్న సి.యస్.హెచ్.-1 వచ్చింది. ఈ చదువులో ఆరు నెలల్లో ఫలితం అడగకూడదు. పంట తన కాలం తాను తీసుకుంటుంది.

ఆడపిల్లలకు ఇది కుదిరే పనేనా అని తల్లులు అడుగుతారు. కేరళలో పుట్టిన జానకీ అమ్మాళ్ కోయంబత్తూరు చెరకు పరిశోధనా కేంద్రంలో చెరకు క్రోమోజోముల మీద పనిచేసింది ఎప్పుడో స్వాతంత్ర్యానికి ముందు. ఆమెకు 1977లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవాళ మన విశ్వవిద్యాలయాల మొక్కల ప్రయోగశాలల్లోకి తొంగిచూస్తే తెల్లకోటు వేసుకున్న ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో తల్లులే చూడవచ్చు.

ఇప్పుడు దారి చెబుతాం. రెండు బాటలున్నాయి. మొదటిది వ్యవసాయ డిగ్రీ. దీనికి నీట్ అక్కరలేదు. రాష్ట్ర ఎంట్రెన్సు, ఎప్‌సెట్, బైపీసీ వాళ్ళు రాస్తే బి.యస్సి. అగ్రికల్చర్‌కు పోవచ్చు. అది పూర్తయితే వ్యవసాయ శాఖ ఉద్యోగాలు, బ్యాంకులు, మన రాష్ట్రంలో వందల సంఖ్యలో ఉన్న విత్తన కంపెనీలు, పై చదువులు. రెండోది మామూలు బి.యస్సి. వృక్షశాస్త్రంతో పాటు రసాయన శాస్త్రమో, బయోటెక్నాలజీయో, మైక్రోబయాలజీయో తీసుకోవచ్చు. తర్వాత యం.యస్సి. ఆ తర్వాత సి.యస్.ఐ.ఆర్. వారి నెట్ పరీక్షలో నెగ్గితే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు. 2023 నుంచి అది నెలకు 37,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. దానితో పి.హెచ్‌డి. చేయవచ్చు. అంటే చదువుకుంటూనే ఇంటికి నాలుగు రూపాయలు పంపవచ్చు. మొక్కల్ని గుర్తుపట్టి లెక్కించే వర్గీకరణ శాస్త్రం ఇష్టమైనవారికి బొటానికల్ సర్వే ఉంది. 2025 ఏప్రిల్‌లో మన పక్కనే కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు అక్కడ ఏ మొక్కలున్నాయి, ఏ జీవులున్నాయి అన్న ప్రశ్న అందరి నోటా వచ్చింది. దానికి జవాబు చెప్పగలిగింది ఆ చదువు చదివినవారే.

కష్టాలు దాచం. డిగ్రీ నుంచి పి.హెచ్‌డి. దాకా పది పన్నెండేళ్ళు పడుతుంది. అటుపైన స్థిరమైన ఉద్యోగానికి ఇంకా కొన్నేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేయాలి. ఫెలోషిప్పు డబ్బు ఒక్కోసారి నెలల తరబడి రాదు. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పైగా మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009 నుంచి ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022-23 నుంచి ఆపివేస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపింది. అప్పటికే చేరినవారి సంగతి వేరు, కొత్తగా చేరేవారికి ఆ ఆసరా లేదు. ఇల్లు నడవడమే కష్టమైన కుటుంబం ఇన్నేళ్ళు ఆగగలదా అంటే, అందరూ ఆగలేరు. అందుకే అందరినీ ఈ దారి పట్టమని మేము అనడం లేదు. ఇష్టమున్న పిల్లను తెలియక ఆపవద్దు అంటున్నాం.

ఇలా అనడానికి మాకు ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ క్రితం మా దగ్గర ఒక కుర్రాడు చదివాడు. క్లాసులో పువ్వును కోసి భాగాలు చూపమంటే, అడగకుండానే నాలుగు పూలు తెచ్చి, వాటిలో తేడాలేమిటో చెప్పేవాడు. వాడు యం.యస్సి. బోటనీ చేస్తానని సలహాకు వస్తే, "అందులో ఏముందిరా, కంప్యూటర్ వైపు పో" అన్నది మేమే. వాడు పోయాడు, బాగానే ఉన్నాడు, ఇల్లు కట్టాడు. ఆ మధ్య కలిసినప్పుడు, "సార్, ఆరోజు మీరు 'పో' అనకపోతే?" అని నవ్వుతూనే అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. మాకు తెలియనిదాన్ని లేనిదిగా చెప్పాం. ఆ తప్పు మాది. ఇంకొకరు చేయకూడదనే ఈ సభలో ఒప్పుకుంటున్నాం.

కార్యవర్గానికి మూడు మనవులు చేసి ముగిస్తాం. ఒకటి, యేటా ఒకసారి మన ఇంటర్ పిల్లల్ని ముందుగా అనుమతి తీసుకొని రాజేంద్రనగర్‌కో పటాన్‌చెరుకో తీసుకుపోవాలి. తండ్రులు కూడా వెంట రావాలి. రెండు, సంఘం స్కాలర్‌షిప్పు నిధిలో కొంత భాగం సైన్సులో పి.జి. ఎంట్రెన్సులు, నెట్ రాసే పిల్లల ఫీజులకు, పుస్తకాలకు, బస్ పాసులకు విడిగా ఉంచాలి. పెద్ద మొత్తం అక్కరలేదు. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఆ చిన్న మొత్తం దగ్గరే. మూడు, మన కుటుంబాల్లో సైన్సు చదివి ఉద్యోగాల్లో ఉన్నవారు నెలకు ఒక ఆదివారం సంఘం ఆఫీసులో కూర్చుని పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మొదటి ఆదివారం కుర్చీ వేయండి, మేము కూర్చుంటాం.

ఆ క్యాబు సోదరుడి సంగతి అడుగుతారేమో. ఆయన తర్వాత రెండుసార్లు వచ్చారు. రెండోసారి, రాజేంద్రనగర్ వైపు కిరాయి పడినప్పుడు వరి సంస్థ గేటు దగ్గర క్యాబు ఆపి చూశానని చెప్పారు. "సార్, ఇన్నేండ్ల సంది అటు పోతున్న, లోపల ఏముందో ఎన్నడు అడగలే" అన్నారు. అమ్మాయి బి.యస్సి.లో చేరింది. వచ్చే యేడు ఎప్‌సెట్ కూడా మరోసారి రాస్తానంటోంది. రెండు బాటల్లో ఏది పట్టాలో ఆ అమ్మాయి నిర్ణయించుకుంటుంది. ఈసారి మేము 'పో' అని గాని 'వద్దు' అని గాని అనలేదు. తెలిసినదంతా చెప్పి ఊరుకున్నాం.